ఏడు సెకన్ల చీటీ

ఓటు మీట నొక్కగానే వీవీప్యాట్ అద్దంలో చిన్న చీటీ కనిపిస్తుంది. వరుస సంఖ్య, అభ్యర్థి పేరు, గుర్తు. ఏడు సెకన్లు ఉండి పెట్టెలో పడిపోతుంది. టీకొట్ల దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా నలుగుతున్న వాదమంతా దాని చుట్టూనే.

1982లో కేరళలోని పరవూరులో ఈవీఎంలు తొలిసారి వాడారు. చట్టంలో వీలు లేదంటూ 1984లో సుప్రీంకోర్టు ఆ యంత్రాలతో జరిగిన పోలింగ్‌ను రద్దు చేసింది. ఆ తర్వాతే చట్టం మారింది. యంత్రాన్ని నమ్మవచ్చా అన్నది యంత్రంతోపాటే పుట్టిన ప్రశ్న. అడిగినవాళ్లను దేశద్రోహులనడం అన్యాయం.

మనవైపు మాత్రం ఈ ప్రశ్నను పార్టీలు వంతులవారీగా భుజానికెత్తుకుంటున్నాయి. 2019లో చీటీలు ఎక్కువగా లెక్కించాలని చంద్రబాబు నాయుడు, ఇతర ప్రతిపక్ష నేతలు కోర్టుకెక్కారు. ఒక్కో అసెంబ్లీ స్థానంలో ఒకటికి బదులు 5 యంత్రాల చీటీలు లెక్కించమంది కోర్టు. 2024లో ఓడాక జగన్‌మోహన్ రెడ్డి కాగితం బ్యాలెట్ కావాలన్నారు. అభిమానులు నిన్న తిట్టిన మాటనే ఇవాళ నెత్తిన పెట్టుకోవడం చూస్తే బాధేస్తుంది. గెలిచిన రోజున కూడా అడగగలిగితేనే అది ప్రశ్న. 5 చాలవని నేనూ నమ్ముతాను, ఎవరు గెలిచినా సరే.

ఈ సంచికలో ఒక ఇంజినీరు, ఒక న్యాయవాది, పోలింగ్ విధులు చేసిన ఒక ఉపాధ్యాయురాలు రాశారు. ముందు ఉపాధ్యాయురాలి వ్యాసం చదవండి. ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేయించి, లెక్క సరిచూసి, చెరిపేశాకే అసలు పోలింగ్ మొదలవుతుందని, అన్ని పార్టీల ఏజెంట్లూ ఆ వేళకు రారని ఆమె రాశారు.