కంటిలోని ధమనీ బుడగ

ఇంటి పెద్దలకు చూపు మసకబాఱినచో "పొర కమ్మినది, నిదానముగా తీయింతము" అని సరిపెట్టుకొనుట మనలో వాడుక. శుక్లములు మెల్లమెల్లగా వచ్చును. నొప్పియే లేక, ఒకనాడు హఠాత్తుగా నొక్క కంట చూపు పడిపోయిన నది శుక్లము కాదు. ఆనాడే వైద్యునికి జూపవలయును.

కంటి వెనుకనున్న రెటీనా యను పలుచని పొరకు రక్తము నందించు ధమని, ఏండ్లతరబడి రక్తపుపోటునకు లోనై, గోడ బలహీనపడి, ఒకచోట బుడగవలె నుబ్బుట కలదు. 1973వ సంవత్సరమున రాబర్ట్‌సన్ అను వైద్యుడు దీనిని మాక్రో అన్యూరిజమ్ అను పేర వర్ణించెను. మధుమేహులకు సన్నని కేశనాళికలలో వచ్చు చిన్న బుడగలు వేఱు. ఇది అఱువదియేండ్లు దాటినవారిలో, అందును స్త్రీలలోనే యెక్కువ. కనుకనే యీ ప్రస్తావన.

బుడగ చిట్లినచో రక్తము చూపును గప్పివేయును. చిట్లకున్నను దానినుండి నీరును క్రొవ్వును ఊరి, చూపునకు నట్టనడుమనున్న మాక్యులాను జేరిన, అక్షరములు వంకరవోవును. రెండవకన్ను బాగుండుటచే నిది పలుదినములు తెలియకపోవచ్చును. అప్పుడప్పుడు ఒక్కొక్క కన్ను మూసి గోడమీది క్యాలెండరు చూచుకొనుడు.

వైద్యుడు చుక్కలమందుతో కంటిపాపను విప్పార్చి లోన పరీక్షించును. ఫ్లోరెసీన్ అను రంగుమందును చేతినరమున కెక్కించి ఛాయాచిత్రములు తీసిన, బుడగ వెలుగుచు గానవచ్చును. పిమ్మట నొకనాడు చర్మమును మూత్రమును పచ్చబడిన బెదరనక్కఱలేదు. ఓ.సి.టి. యంత్రము వాపును జూపును. గడ్డకట్టిన రక్తమును జూచి కంతియని పొరబడుటయు గలదు గాన, రెటీనా నిపుణునే యాశ్రయింపవలయును.

చాల బుడగలు తమంతట గడ్డకట్టి మూసుకొనిపోవును. కావున "కొన్ని వారములు చూతము" అను వైద్యుని అలక్ష్యపరుడని తలపరాదు. పిలిచిన దినమునకు మాత్రము తప్పక పోవలయును. మాక్యులాకు నీరు చేరిన లేజరుగాని, బెవసిజుమాబ్ వంటి మందును కంటిలోని కెక్కించు సూదిగాని వాడుదురు. కంటికి సూది యనగనే మనవారు హడలుదురు! తిమ్మిరిమందు వేసిన పిమ్మట నది క్షణములోని పని. రక్తము నిండి కరగకున్న శస్త్రచికిత్స చేయుదురు.

వీనితోబాటు రక్తపుపోటును అదుపున నుంచుట ముఖ్యము. ఇంటిల్లిపాదికి మందు వేళ గుర్తుచేయు అత్తగారు తన మాత్రను మాత్రము "తల తిరుగుట లేదుగదా" యని మానివేయును. పోటు హెచ్చినను తల తిరుగవలెనన్న నియమము లేదు. ఆ మాత్ర యామె మ్రింగువఱకు కోడలు ప్రక్కన నిలుచుట మేలు. ఊరగాయలోని యుప్పును లెక్కలోనిదే.