పద్దెనిమిది నిండాక ఎవరి బిడ్డ?

తునికాకు కల్లంలో యాభై ఆకులకు ఒక కట్ట. నా పాత విద్యార్థి ఒకతను కట్టే కట్టలో ఒక్క ఆకు అటూ ఇటూ ఉండదు. వయసు ఇరవై రెండేళ్లు. ఆటిజం ఉంది. మాట తక్కువ, ఎదుటివాళ్ల ముఖంలోకి చూడడు, జనం గుమిగూడి అరుస్తుంటే చెవులు మూసుకుని చెట్టు కిందికి పోతాడు. ఎండాకాలమంతా అతను కట్టిన కట్టలు తండ్రి కార్డులో పడతాయి, డబ్బు తండ్రి చేతికి పోతుంది. ఇదేమని అడిగితే "వానికెందుకు సారూ పైసలు" అన్నారు.

మన సభల్లో ఒక మాట తరచూ వింటాం. గూడెంలో ఎవరినీ వేరుగా చూడం, వికలాంగుడన్న ఆలోచనే మనకు లేదు అని. వేదికల మీద నేనూ చెప్పినవాణ్నే. అందులో నిజం లేకపోలేదు. ఏ ఇంటికెళ్లినా అతనికి ఇంత అంబలి పోస్తారు, తప్పిపోతే ఊరంతా వెతుకుతారు. కానీ అన్నం పెట్టడం వేరు, పెద్దవాడయ్యాడని ఒప్పుకోవడం వేరు. పెద్దల పంచాయితీలో అతన్ని ఎవరూ ఏమీ అడగరు. పోడు పంచుకునేటప్పుడు అతని వాటా మాటే రాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అమ్మడానికి లేదు గాని వారసులకు చెందుతుంది. ఆ వారసుల్లో ఇతనూ ఒకడని అన్నదమ్ములకు చెప్పే నోరు మన గూడేల్లో ఉందా? ఓటరు జాబితాలో పేరు ఎక్కిద్దామంటే "వానికి ఓటెందుకు" అంటాం. పెసా చట్టం ప్రకారం ఓటరు జాబితాలో పేరున్నవాళ్లే గ్రామసభ. అంటే అతన్ని గ్రామసభకు దూరం చేసింది ఫారెస్టోళ్లు కాదు, తహసీల్దారు కాదు. మనమే.

ఇక మన సంగతి, ఉపాధ్యాయులారా. డిప్లొమా చదివేటప్పుడు ఆటిజం గురించి నేను రాసిన జవాబు ఒక్క పేజీ. అందులో ఉన్నదంతా చిన్నపిల్లల గురించే, వాళ్లకూ ఇరవై ఏళ్లు వస్తాయని అందులో లేదు. అతను మా బడిలో ఉన్నన్నాళ్లూ చివరి బెంచీలో కూర్చోబెట్టాను. అల్లరి చేయడని సంతోషపడ్డాను. పది అయ్యాక టీసీ చేతికిచ్చాం. వాళ్లమ్మ గేటు దగ్గర ఆగి "నేనున్నన్నాళ్లు నేను జూసుకుంటా సారూ, నేను పోయినంక?" అంది. "పింఛను వస్తదిలే అమ్మా" అని బండెక్కాను.

ఆ పింఛను కోసం సర్టిఫికెట్ శిబిరానికి తీసుకెళ్లాం. అక్కడ అడిగిందంతా తెలుగులో. అతనికున్న కొద్ది మాటలు కోయవి. జవాబు రాలేదు కాబట్టి బుద్ధిమాంద్యం అని రాసిచ్చారు. కోయ తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టాలని వాళ్లకు తోచలేదు. బయట వరుసలో నిలబడ్డ నాకూ తోచలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఆటిజాన్ని విడిగా చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు ఇచ్చిన 4 శాతంలో ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక అనారోగ్యం వంటివాటికి కలిపి 1 శాతం ఉంచింది. మన మండలాల్లో ఎంతమంది టీచర్లకు ఈ సంగతి తెలుసు?

ఇంకొకటి. పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. 2016 చట్టం మాట్లాడే సంరక్షకుడు అతని బదులు నిర్ణయించేవాడు కాదు, అతనితో కలిసి నిర్ణయించేవాడు. మన దగ్గర జరుగుతున్నదేమో పింఛను రోజున వేలు పట్టి ముద్ర వేయించడం.

తన కాళ్ల మీద తను నిలబడడమంటే పట్నంలో అద్దెగది, ఒంటరి బతుకు అని అనుకునేవాళ్లున్నారు. గూడెంలో ఒంటరిగా బతికేదెవరు? శిక్షణ అనగానే కొవ్వొత్తులు, కాగితం కవర్లు నేర్పుతామంటారు. ఏ ఇప్పచెట్టు కింద ఎప్పుడు పువ్వు రాలుతుందో తెలిసిన మనిషికి కొవ్వొత్తులెందుకు? చేసినా మన సంతలో కొనేదెవరు? అతనికి పని వచ్చు. రానిది లెక్క అడగడం, సంతలో బేరం, బ్యాంకులో సంతకం, ఒంట్లో బాగోలేకపోతే చెప్పడం. ఇవి పద్నాలుగో ఏట నుంచే బడిలో మొదలు కావాలి, అదీ కోయలో. బొమ్మలు గీసి, ఒక్కొక్క మెట్టూ చూపించి, అదే పనిని అదే వేళకు నెలల తరబడి చేయించాలి. అతని ఈడు కుర్రాళ్లలో ఒకరిద్దరు సంతకు తోడు వెళ్లాలి. తమ్ముళ్లారా, ఇది సేవ అనుకోకండి. తోటివాడితో కలిసి నడవడం, అంతే. జనం తగ్గాక, సాయంత్రం ఆలస్యంగా అతని కట్టలు లెక్క పెడితే కల్లేదారుకు పోయేదేమీ లేదు.

వచ్చే ఎండాకాలం కల్లం తెరిచేనాటికి అతని పేరున వేరే కార్డు అడగబోతున్నాం. కల్లేదారు సరేనన్నాడు. అమ్మ ఒప్పుకుంది. తండ్రి ఇంకా ఏమీ చెప్పలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను.