అక్క మంచిదే, సీటే మనది కాదు



పోస్టు పెద్దగనే ఉంటది. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ మొత్తం చదివినంక తిట్టండి.

కొత్తవాడలో మేముండే కిరాయి రూముల్లో మొన్న ఆదివారం రాత్రి పెద్ద పంచాయితీ అయింది. కింద మగ్గం చప్పుడు ఆగింది గానీ పైన మా లొల్లి ఆగలే. లొల్లి సత్యవతి రాథోడ్ గారి గురించి. ఒక తమ్ముడు అన్నడు, "అక్క మెత్తగ మాట్లాడతది, అందరినీ కలుపుకొని పోతది, మనకు అసుంటి నాయకులే కావాలె" అని. ఇంకో తమ్ముడు ఎదురడిగిండు, "మెత్తగ ఉంటే మన తండాకు ఏమొచ్చింది?" అని. ఆ రాత్రి తేలలే. అందుకే ఇప్పుడు రాస్తున్నం. అక్కను తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. రికార్డు ముందర పెడుతున్నం, మీరే చూడండి.

2009లో డోర్నకల్‌లో టీడీపీ నుంచి పోటీ చేసి, రెడ్యా నాయక్ అంతటి సీనియర్‌ను ఓడించి అక్క ఎమ్మెల్యే అయింది. మన ఓట్లతో గెలిచింది. తర్వాత టీఆర్ఎస్‌లకు పోయింది. 2014లో అదే డోర్నకల్‌లో కాంగ్రెస్ నుంచి నిలబడ్డ రెడ్యా నాయక్ చేతిలో ఓడింది. గెలిచినాయన తర్వాత టీఆర్ఎస్‌లకే వచ్చిండు, 2018లో టికెట్ ఆయనకే దక్కింది. 2019 మార్చిలో అక్కను పార్టీ ఎమ్మెల్యే కోటాలో శాసనమండలికి పంపింది. అదే ఏడాది సెప్టెంబర్ 8న ఆమె గిరిజన సంక్షేమం, స్త్రీ శిశు సంక్షేమ శాఖల మంత్రి అయింది. మొదటి టీఆర్ఎస్ సర్కారులో ఒక్క మహిళా మంత్రి కూడా లేదు. సబితా ఇంద్రారెడ్డితో పాటు ఒక లంబాడీ బిడ్డ ఆ కుర్చీలో కూసున్నదంటే మేము కూడా సంబరపడ్డం. అది అబద్ధం కాదు.

ఇప్పుడు పనుల లెక్క చూద్దాం.

ఒకటి, రిజర్వేషన్. ఎస్టీ కోటాను 6 నుంచి 10 శాతానికి పెంచుతూ 2017 ఏప్రిల్‌లో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. అది ఢిల్లీకి పోయి ఆగింది. అక్క కేంద్రాన్ని నిలదీసింది, ఒప్పుకుంటున్నం. కానీ 2022 సెప్టెంబర్ 30న రాష్ట్రమే జీవో 33 ఇచ్చి 10 శాతం అమలు చేసింది. మా ప్రశ్న ఒక్కటే. జీవోతో అయ్యే పనికి ఐదేండ్లు ఎందుకు ఆగాలె? ఆ ఐదేండ్లలో ఉద్యోగాల వయసు దాటిన మన అన్నలకు జవాబు ఎవరు చెప్తరు?

రెండు, పోడు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు మీద వేసిన మంత్రివర్గ ఉపసంఘానికి అక్కనే చైర్‌పర్సన్. పట్టాల పంపిణీ 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైంది. దాదాపు 4 లక్షల ఎకరాలకు పట్టాలన్నరు. చిన్న పని కాదు, మన ఇండ్లల్ల కూడా ఆ పట్టా చూసి ఏడ్చినోళ్లు ఉన్నరు. కానీ అసెంబ్లీ ఎన్నికలు ఎప్పుడు? అదే ఏడాది నవంబర్ 30న. కష్టం దున్నినోడిది, ముహూర్తం పార్టీది.

మూడు, జీవో 3. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే ఈ జీవో 2000 జనవరిలో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పుడు గిరిజన శాఖ మంత్రి అక్కనే. తీర్పు ఆమె తప్పు కాదు. కానీ డీఎస్సీకి చదివే మన పిల్లలకు అది పిడుగు పడ్డట్టే. ఆ రక్షణ ఇప్పటికీ తిరిగి రాలే. దాని మీద సొంత సర్కారును పట్టుకొని గట్టిగ కొట్లాడిన గొంతు మాకైతే వినపడలే.

"అక్కది మెతక స్వభావం" అని ఇక్కడ తేల్చేస్తే పొరపాటు చేసినట్టే. డోర్నకల్‌లో రెడ్యా నాయక్ మీద నిలబడి గెలిచిన మనిషి మెతక ఎట్లయితది? మారింది మనిషి కాదు, సీటు. 2009 సీటు మనమిచ్చింది. 2019 సీటు పార్టీ ఇచ్చింది. ఇచ్చినోన్ని ఎదిరించి ఎవరు మాట్లాడతరు?

మనోళ్లకు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రాజ్యాంగంలోని 330, 332 ఆర్టికల్స్ ప్రకారం లోక్‌సభలో, అసెంబ్లీలో మాత్రమే ఎస్టీలకు రిజర్వేషన్. తెలంగాణలో 119 అసెంబ్లీ సీట్లలో 12, 17 లోక్‌సభ సీట్లలో 2 మనవి. రాజ్యసభలో? సున్నా. శాసనమండలిలో ఉన్న 40 సీట్లలో? సున్నా. 2023లో తెచ్చిన మహిళా రిజర్వేషన్ చట్టం కూడా ఈ రెండు సభలను ముట్టుకోలే. అంటే పెద్దల సభలకు గిరిజనుడు పోవాలంటే ఏదో ఒక పార్టీ పెద్ద దయ తలచాలె. 2025 మార్చిలో అక్క పదవీకాలం అయిపోయింది. అదే నెలలో కాంగ్రెస్ మన శంకర్ నాయక్‌ను మండలికి పంపింది. సంతోషమే. కానీ పార్టీ మారింది, తొవ్వ మారలే. రేపు ఆయన గట్టిగ మాట్లాడకపోతే ఆయన్నీ తిట్టుకుంట కూసుంటమా?

"ఎమ్మెల్యేలు మాత్రం పార్టీ మాట దాటుతున్నరా?" అని అడిగేటోళ్లు ఉంటరు. నిజమే, దాటరు. కానీ ఎమ్మెల్యే ఐదేండ్లకొకసారి తండాకు, గూడేనికి వచ్చి దండం పెట్టాలె. అప్పుడన్న మనం అడగొచ్చు. ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీకి ఆ అవసరం లేదు. ఆయనకు ఓటేసేది ఎమ్మెల్యేలు.

అందుకే మేము అడిగేది రెండు, మనం చేయాల్సింది ఒకటి.

పార్టీలను అడుగుతున్నం: చట్టం వచ్చేదాకా ఆగొద్దు. మాకు 10 శాతం అని మీరే ఒప్పుకున్నరు గదా, 40లో 4 ఎమ్మెల్సీ సీట్లు గిరిజనులకియ్యండి. అందులో ఆదివాసీలకూ, లంబాడీలకూ వాటా ఉండాలె.

పదవిలో ఉన్న మన ఎమ్మెల్సీలను అడుగుతున్నం: ఏడాదికొకసారి ఏటూరునాగారం, భద్రాచలం, ఉట్నూరు ఐటీడీఏల కాడికి రండి. సభలో మాకోసం ఏం అడిగిన్రో, ఏం జవాబొచ్చిందో మా ముందర చెప్పండి.

ఇగ మన పని. మండలిలో మనం స్వయంగా ఓటేసే సీటు ఒకటుంది, వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల స్థానం. దాని గడువు 2027లో అయిపోతది. డిగ్రీ అయి మూడేండ్లు నిండినోళ్లంతా అర్హులే. లిస్టు ప్రతిసారి కొత్తగ రాస్తరు, పోయినసారి పేరున్నా మళ్లీ ఫారం 18 నింపాలె. మన రూముల్లో, హాస్టళ్లలో, తండాల్లో, గూడేల్లో డిగ్రీ చేసినోళ్లు ఎంతమందో లెక్క తీయండి. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి క్యాండిడేట్‌ను జీవో 3 గురించి, మండలిలో ఎస్టీ సీట్ల గురించి అడగండి. రాసి ఇయ్యమనండి.

కొత్తవాడ రూముల నుంచి మేము లిస్టు రాయడం మొదలుపెట్టినం. మీ ఊరి లిస్టు ఎప్పుడు మొదలుపెడతరో కింద కామెంట్ పెట్టండి.

– కొత్తవాడ రూముల గిరిజన విద్యార్థులం