నిజం రాసినవారి నష్టం

మెదక్ చర్చి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. తెలుగు లూథరన్ల పుట్టిల్లు మాత్రం గుంటూరు. 1842లో ఫాదర్ హయ్యర్ అక్కడికి వచ్చారు. తరువాత ఆ సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడల పేదలు. ఊరి పెత్తందార్లకు అది గిట్టలేదు.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు మరో పరీక్ష పెట్టింది. షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా దక్కింది. క్రైస్తవులకు దక్కలేదు. రాష్ట్రంలో వారికి మిగిలింది బి.సి. 'సి' గ్రూపులో ఒక్క శాతం.

రామచంద్రపురం భెల్, ఎద్దుమైలారం ఆర్డినెన్సు ఫ్యాక్టరీల చుట్టుపక్కల పల్లెలకు కులం సర్టిఫికెట్ విలువ చెప్పనక్కరలేదు. కాగితం మీద మతం దాచుకుంటే కొలువు దొరికే అవకాశం ఉన్నా, ఉన్నది ఉన్నట్టు రాసినవారు ఉన్నారు. ఆ నష్టం వారి పిల్లలది కూడా.

మతమేదైనా, నష్టానికి ఓర్చి నిజం చెప్పినవారు గౌరవనీయులు. శాలువా కప్పితే ఆ గౌరవం తీరదు. చర్చికి వెళ్లినంత మాత్రాన వారిపై అంటరానితనం పోయిందా? ఊరు గుండె మీద చెయ్యి వేసుకుని జవాబు చెప్పాలి. పోలేదంటే చట్టం మారాలి.