అటక మీది నాటు తుపాకీ

గుర్రంకొండ చుట్టుపక్కల కొండ అంచు పల్లెల్లో ఏ ఇంట్లోనైనా తుపాకీ ఉందంటే అది చాలావరకు నాటు తుపాకీయే. అడవి పందుల బారి నుంచి వేరుశనగను, టమాటాను కాపాడుకోవడానికి తాతల నుంచి వచ్చిందో, చాటుగా చేయించుకున్నదో. రైతుకు అది పనిముట్టు, చట్టానికి నేరం. దాన్ని పట్టుకోవడం గురించే అందరూ మాట్లాడుతున్నారు. పట్టుబడేదాకా అది ఇంట్లో ఎక్కడ ఉంటోంది, ఎవరి చేతికి అందుతోంది అని అడిగేవారు లేరు.

ఈ సీమకు తుపాకీ కొత్త కాదు. గుర్రంకొండ కోట హైదరాలీ, టిప్పుల పాలనలో ఉండి, 1792లో నిజాముకు, 1800లో కుంఫిణీకి దక్కింది. అలా కుంఫిణీకి దక్కిన దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ముందుగా చేసిన పనుల్లో ఒకటి పాలెగాళ్ల సాయుధ బలాన్ని అణచడం. తర్వాత 1878లో ఆయుధ చట్టం, స్వతంత్రం వచ్చాక 1959 చట్టం. రెండు శతాబ్దాలుగా ప్రభుత్వానికి తెలిసిన పద్ధతి ఒక్కటే, ఆయుధాన్ని లాక్కోవడం. జాగ్రత్తగా ఉంచుకోవడం నేర్పే బాధ్యత మాత్రం ఎప్పుడూ గట్టిగా తీసుకోలేదు.

నాటు తుపాకీ పనితీరు తెలిస్తే భయం ఎందుకో అర్థమవుతుంది. గొట్టం మూతి నుంచి మందు పోయాలి, పేలికలు కుక్కాలి, సీసం గుళ్లు వేసి కడ్డీతో దట్టించాలి. చివర క్యాపు పెట్టాలి. పంది చేలో పడ్డాక ఇదంతా చేసే వ్యవధి ఉండదు. అందుకే పొద్దుగూకకముందే నింపి మంచె మీద పెట్టుకుంటారు. ఆ రాత్రి పంది రాకపోతే? దట్టించిన మందును వెనక్కి తీయడం కష్టం. గాలిలోకి కాలిస్తే చప్పుడుకు ఊరు లేస్తుంది, పోలీసులకు తెలుస్తుంది. కాబట్టి నింపిన తుపాకీ నింపినట్టే ఇంటికి వస్తుంది. అటక మీదకో, గడ్డివామిలోకో చేరుతుంది. చాలావాటికి సేఫ్టీ మీట ఉండదు, గొట్టానికి ఏ పరీక్షా జరగదు. కింద పడినా, సుత్తికి దెబ్బ తగిలినా పేలవచ్చు. అటక మీద సామాను కోసం చెయ్యి పెట్టే ఇల్లాలికి, వామిలో ఆడుకునే పిల్లలకు అది నింపి ఉందన్న సంగతి తెలియదు. పోలీసులకు దొరకకుండా దాచిన చోటు పిల్లలకు దొరుకుతుంది. దాచాల్సిన అవసరం ఉన్నంతకాలం ఎవరూ దానికి ఇనుప పెట్టె చేయించి తాళం వేయరు.

1959 చట్టంలోనే దీనికి దారి ఉంది. 13వ సెక్షన్ ప్రకారం, పంట రక్షణకు నిజంగా అవసరమైన రైతు మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడగవచ్చు. అనర్హత ఏదీ లేకపోతే అధికారి ఇవ్వాలి, కాదంటే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. 2016 ఆయుధ నియమాలు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆయుధాన్ని భద్రంగా వాడటం, నిల్వ చేయడంపై శిక్షణను కూడా చేర్చాయి. మరోవైపు 2019 సవరణతో లైసెన్సు లేని తుపాకీ ఉంటే కనీస శిక్ష రెండేళ్ల జైలు అయింది, ఐదేళ్ల దాకా పడవచ్చు. శిక్ష పెరిగిన సంగతి పల్లెకు చేరింది. లైసెన్సు అడిగే హక్కు ఉందన్న సంగతి ఎంతమంది రైతులకు చేరింది? శిక్ష ఒక్కటే పెరిగితే తుపాకీ మరింత లోపలికి వెళుతుంది.

లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదన్నదీ ఆ శిక్షణలోనే చెప్పాలి. వన్యప్రాణి చట్టం కింద దానికి వేరే అనుమతి కావాలి. కుప్పం, పలమనేరు వైపు ఏనుగుల ముందు తుపాకీ ఎత్తడం నేరమే కాదు, ప్రాణాంతకం కూడా.

ఇక ఇంటి రక్షణ. 2023 జూలైలో టమాటా కిలో రెండు వందల దాకా పోయినప్పుడు మదనపల్లె చుట్టుపక్కల రైతులు తోటల్లో రాత్రంతా మేలుకున్నారు. తోటలో ఒంటరి ఇంట్లో ఉండేవారి భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ భారతీయ న్యాయ సంహిత ఆస్తి రక్షణకు ప్రాణం తీసే హక్కును దోపిడీ, రాత్రిపూట ఇంటికి కన్నం వేయడం వంటి కొన్ని సందర్భాలకే పరిమితం చేసింది. పది బుట్టల టమాటా ఎత్తుకుపోతున్నవాణ్ణి కాల్చి చంపితే జైలుకు వెళ్లేది రైతే. పైగా అమెరికాలో 1993లో వెలువడిన పేరున్న అధ్యయనం, తుపాకీ ఉన్న ఇళ్లలో హత్య జరిగే ప్రమాదం దాదాపు 2.7 రెట్లు ఎక్కువని, చంపినవారు చాలావరకు ఇంటివారో తెలిసినవారో అని తేల్చింది. 2024లో అక్కడ చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థి ఒకరు సొంత తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా అది పేలి చనిపోయాడు. లైసెన్సు తీసుకోవడం వేరు, చేతికి అలవాటు రావడం వేరు.

తాళం వేసిన తుపాకీ దొంగ వచ్చినప్పుడు ఏం పనికొస్తుందని కొందరు అడుగుతారు. 2005లో వచ్చిన మరో అమెరికా అధ్యయనంలో తుపాకీని ఖాళీ చేసి ఉంచడం, తాళం వేయడం, తూటాలను తాళంలో పెట్టడం, వాటిని తుపాకీ దగ్గర కాక వేరే చోట ఉంచడం, వీటిలో ఏ ఒక్కటి పాటించినా పిల్లలకు జరిగే ప్రమాదాలు తక్కువగా కనిపించాయి. దొంగ ఎన్నేళ్లకో ఒక రాత్రి రావచ్చు, రాకపోవచ్చు. పిల్లలు రోజూ ఇంట్లోనే ఉంటారు. దొంగను ఆపడానికి వాకిట్లో కుక్క, తోటలో దీపం, పక్క తోటవాడి ఫోన్ నంబరు, 112 ముందు వరసలో ఉండాలి.

నాటు తుపాకులు తెచ్చి అప్పగించండని పోలీసులు పిలుపు ఇచ్చినప్పుడు, కేసు ఉండదన్న హామీతో పాటు లైసెన్సు దరఖాస్తు కూడా అదే బల్ల మీద ఉండాలి. నాటుది పోగొట్టుకున్న రైతు పరీక్ష ముద్ర పడిన తుపాకీకి అర్హుడా కాదా అక్కడే తేల్చాలి. గోడకు బిగించిన ఇనుప పెట్టె, మందుకు, క్యాపులకు వేరే తాళం ఉన్నాయని చూశాకే లైసెన్సు చేతికివ్వాలి. జిల్లా సాయుధ పోలీసులకు శిక్షకులు ఉన్నారు, ఫైరింగ్ రేంజీలు ఉన్నాయి. రైతుకు ఒక రోజు కేటాయించడం భారమేమీ కాదు.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులు స్టేషనులో జమ అవుతాయి, 2024లోనూ అయ్యాయి. ఫలితాల తర్వాత రసీదు చూసి తిరిగి ఇచ్చేస్తారు. తిరిగి ఇచ్చే రోజున గొట్టం పరీక్షించి, నింపడం, ఖాళీ చేయడం యజమాని చేత చేయించి చూసి, తాళం పెట్టె ఫొటో అడిగి అప్పుడు సంతకం పెట్టించుకోవాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఎస్పీ, కలెక్టరు కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.