ఒంటరి నడక

ఉత్తర ఇంగ్లండులో సరస్సుల సీమ అని పేరొందిన పర్వతప్రాంతం ఉన్నది. అక్కడి కెజిక్ పట్టణంలో అతిథిగృహం నడుపుకొనే బాబ్ గ్రాహం అనే ఆయన 1932 జూన్ నెలలో ఒకనాడు, అర్ధరాత్రి దాటిన పిమ్మట, ఊరి నడుమనున్న మూట్ హాలు వద్ద బయలుదేరినాడు. 42 శిఖరాలు ఎక్కి దిగి, 24 గంటలు నిండకమునుపే తిరిగి ఆ హాలు ముందుకే వచ్చి నిలిచినాడు. దూరం సుమారు 66 మైళ్ళు. ఎక్కిన ఎత్తులన్నీ కూడితే సుమారు 27,000 అడుగులు. ఆయనేమీ పడుచువాడు కాడు, నలభై దాటినవాడు. కాళ్ళకు తొడిగినవి టెన్నిసు బూట్లు.

ఈ ఒక్కనాటి కథనే లోకం చెప్పుకొంటుంది. నా మనస్సు మాత్రం అంతకుముందు గడచిన దినాలమీదికి పోతుంది. ఆ కొండలను ఆయన ముందుగానే నడిచి, దారులను కంఠస్థం చేసుకొన్నాడు. బూట్లు అరిగిపోకుండా ఉత్తకాళ్ళతో నడిచేవాడని కూడా చెబుతారు. ఆనాడు మిత్రులు వంతులవారీగా ఆయన వెంట నడిచినారు. ఈనాడు అదే చుట్టు పూర్తిచేయగోరేవారు నెలల తరబడి సాధన చేస్తారు. ఆ సాధనలో పొద్దంతా కొండలలో ఒంటరిగా నడవడం చాలామందికి ఒక భాగం. ఈ ఒంటరి నడకే చదువు అనీ, చివరినాటి ప్రయాణం పరీక్ష మాత్రమేననీ నా అభిప్రాయం.

విలియం నేస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పినాడు: మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు మరొక గంట. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగా ఇచ్చి చూడవచ్చు. 66 మైళ్ళకు 22 గంటలు, 27,000 అడుగులకు పదమూడున్నర. వెరసి ముప్పై అయిదున్నర గంటలు. గ్రాహం అందులో పదకొండున్నర గంటలకు పైగా మిగిల్చినాడు! ఇదంతా కాళ్ళ బలంతోనే మిగిలిందనుకోవడం పొరపాటు. పొగమంచులో ఏ వైపు దిగాలో తోచక ఒక్కొక్క శిఖరంమీద అయిదు నిమిషాలు నిలబడిపోయినా, 42 శిఖరాలకు మూడున్నర గంటలు హరించిపోతాయి.

కాళ్ళ సంగతీ ఉన్నది. ఎక్కడం ఊపిరికి పరీక్ష; దిగడం తొడలకు శిక్ష. దిగేటప్పుడు తొడ కండరం శరీరభారాన్ని ఆపుతూ, బిగిసి ఉండే సాగవలసివస్తుంది. అందువల్ల దాని పోగులు సన్నగా దెబ్బతింటాయి. ఆ నొప్పి అప్పుడు తెలియదు; మరునాడో మూడవనాడో మెట్లు దిగబోతే తెలుస్తుంది. వింత యేమంటే, ఒకసారి అట్లా నొచ్చిన కండరం కొన్ని వారాలపాటు అదే శ్రమకు అంతగా నొచ్చుకోదు. చదును బాటమీది పరుగుతో ఈ రక్షణ అంతగా లభించదు.

"సరే, నడవవచ్చు. ఒంటరిగా ఎందుకు? కాలు విరిగితే దిక్కెవరు?" అని ఉపాధ్యాయులైన నా మిత్రులొకరు అడిగినారు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. ఆ సీమలో ఏటేటా స్వచ్ఛంద రక్షకదళాలవారు గాయపడినవారినీ దారి తప్పినవారినీ వెదకి తెస్తుంటారు. ప్రాణం పోయినవారిని మోసుకొని దిగిన దినాలూ ఉన్నవి. ఎత్తుకు పోయినకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు రెండు సెంటిగ్రేడు డిగ్రీల వేడి తగ్గుతుంది. తడిబట్టలతో గాలిలో కదలలేక ఉండిపోయినవానికి వేసవిలోనూ ప్రాణాపాయమే.

అయినా నా పక్షం నేను విడువలేదు. గుంపులో పోయేవాడు ముందువాని మడమలు చూస్తూ నడుస్తాడు. పటం ఇంకొకరి చేతిలో ఉంటుంది; ఎప్పుడు తినాలో, ఎక్కడ ఆగాలో ఇంకొకరు చెబుతారు. ఒంటరివాడు తన వేగాన్ని తానే కనుగొనాలి; ఆకలి వేయకముందే తినాలి; దిక్సూచి ఒకటి, తన మనస్సు మరొకటి చెప్పినప్పుడు దిక్సూచి మాట వినాలి. (ఇది అనుకొన్నంత సులభం కాదు. పొగమంచులో ప్రతివానికీ తన మనస్సే నిజం పలుకుతున్నట్లు తోస్తుంది.) అన్నిటికంటె ముఖ్యం, వెనుకకు మరలడం. తోటివారి యెదుట మరలడానికి సిగ్గు అడ్డువస్తుంది. ఒంటరివానికి ఆ అడ్డు లేదు.

అయితే ఒంటరితనం రహస్యం కారాదు. ఏ దారిన పోయేదీ, ఎన్ని గంటలకు తిరిగివచ్చేదీ ఒకరికి వ్రాసి ఇచ్చి పోవాలి. మెడలో ఈల ఉండాలి: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదడం ఆపదకు గుర్తు. పటం చదవడం నేర్వని విద్యార్థిని ఒంటరిగా పంపుమని నేననను. మొదట పెద్దల తోడుతో, పిమ్మట తెలిసిన కొండమీద, ఆ తరువాతనే కొత్త కొండమీద.

మన బడులలో క్రీడలంటే పరుగుపందెం, గెలిచినవానికి కప్పు. శిఖరం కంటి యెదుట ఉండగా మబ్బు కమ్ముకొనడం చూచి మరలివచ్చిన విద్యార్థికి మార్కులు వేసిన బడిని ఇంతవరకు నేను చూడలేదు.

నా మిత్రులు ఇదంతా విని, నడకను ఒప్పుకొన్నారు, ఈలను ఒప్పుకొన్నారు. ఒంటరితనాన్ని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. "వాడు ఎంతదూరం పోయి మరలినాడో ఎవరు చూడవచ్చినారు?" అన్నారు. అది వానికి తెలిస్తే చాలదా అన్నాను. "మార్కులు వేయవలసినవాణ్ణి నేను గదా!" అని ఆయన లేచినారు.