ఎండుటాకు ఎవరి బాధ్యత?

ఉత్తరాఖండ్ అనగానే మనకు చిప్కో గుర్తుకొస్తుంది. 1974 మార్చిలో రేణీ గ్రామంలో గౌరాదేవి, తోటి స్త్రీలు కాంట్రాక్టరు మనుషులకు అడ్డం నిలబడి చెట్లు కాపాడుకున్న సంగతి మన శిక్షణా శిబిరాల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. ఆ తర్వాత ఏమైందో మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. 1981లో వెయ్యి మీటర్ల ఎత్తు దాటిన చోట పచ్చని చెట్టు నరకడాన్ని ప్రభుత్వం నిషేధించింది. గొడ్డలి ఆగింది సరే, అడవి ఆడవాళ్ల చేతికొచ్చిందా? రాలేదు. రోడ్లకూ నీటి పథకాలకూ అటవీ చట్టం అడ్డొస్తోందని 1988లో అవే కొండల్లో చెట్లు నరికే ఉద్యమం నడిచిన సంగతి మనలో ఎందరికి తెలుసు?

ఇప్పుడా కొండలు వేసవి వస్తే కాలుతున్నాయి. 2024 మేలో అల్మోరా జిల్లాలో చీడ్ చెట్ల జిగురు తీసే నేపాలీ కూలీలు మంటల్లో చిక్కుకుని చనిపోయారు. వాళ్లలో స్త్రీలూ ఉన్నారు. జూన్‌లో బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పబోయినవాళ్లు కొందరు ప్రాణాలు కోల్పోయారు.

చీడ్ అంటే పైన్. (తెలుగులో ఆ పేరు వింటే పురుగు గుర్తొస్తుంది గానీ, చెట్టు చేసిన పాపమేమీ లేదు.) రైలు పట్టాల కింది దిమ్మెల కోసం, జిగురు కోసం బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని పెంచింది. మేతా వంటచెరకూ ఇచ్చే, ఊటనీటిని నిలబెట్టే బాంజ్ ఓక్‌ను లెక్కచేయలేదు. సూదుల్లాంటి చీడ్ ఆకును పిరూల్ అంటారు. ఎండాకాలంలో రాలి నేలంతా పరుచుకుంటుంది. దానికి అగ్గిపుల్ల చాలు. ముదిరిన చీడ్ దళసరి బెరడుతో మంటను తట్టుకుంటుంది, బాంజ్ మొలకలు మాడిపోతాయి. అలా ప్రతి మంటా చీడ్‌కే మరికొంత చోటిచ్చి పోతుంది.

మంటలు ఆరగానే రెండు గొంతులు లేస్తాయి. నిషేధం ఎత్తేసి చీడ్ నరకనివ్వమని ఒకటి. నిప్పు పెట్టేది ఊరివాళ్లే, వాళ్లను అడవిలోకి రానివ్వొద్దని మరొకటి. మొదటి దానిలో కొంత నిజముందని నేను ఒప్పుకుంటాను. ఊళ్ల చుట్టూ చీడ్‌ను పలచన చేసి బాంజ్‌కు చోటివ్వాలి. మంట దాటకుండా తీసే ఫైర్ లైన్లు శుభ్రంగా ఉంచాలి. చలికాలంలో తడి ఉండగానే కొంత ఆకు తగలబెట్టాలి. ఏ చెట్టునూ తాకరాదనే మాట పట్నంలో కూర్చున్నవాళ్లకే బాగుంటుంది. కానీ కాంట్రాక్టరుకు కావలసింది లావుపాటి మాను. నిప్పంటుకునేది ఎండుటాకుకూ, అతను వదిలేసిపోయే కొమ్మలూ రెమ్మలకూ. ఆ ఆకు ఎత్తేదెవరు?

ఎప్పటినుంచో ఎత్తుతున్నది స్త్రీలే. పశువుల పాకలో పరవడానికి పిరూల్ ఊడ్చి మోసుకొస్తారు. దానికి కూలీ లేదు, పనిగా గుర్తింపూ లేదు. 2024 మేలో రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 50 రూపాయలిచ్చి కొంటామని ప్రకటించింది. మంచిదే. అయితే గడ్డికోతా నీళ్లమోతా అయ్యాక, జారే వాలు మీద ఒక్కొక్క మోపూ దించే మనిషికి కిలో రేటు ఒక్కటే చాలదు. దాన్ని అడవిని కాపాడే పనిగా లెక్కగట్టి రోజుకూలీ, ప్రమాద బీమా ఇవ్వాలి. 1921లో అటవీ ఆంక్షల మీద కోపంతో కుమావూ ప్రజలు అడవులు తగలబెట్టాక, పదేళ్లకు వన పంచాయతీలు వచ్చాయి. ఏ చెట్టు తీయాలి, ఏది ఉంచాలి అన్నది అక్కడ స్త్రీలు కూడా కూర్చుని తేల్చాలి.

మన ఏజెన్సీ ప్రాంతాల మాటేమిటి? ఇప్పపువ్వు ఏరే ఆదివాసీ స్త్రీలు చెట్టు కింద ఆకు ఊడ్చి కాలుస్తారు. ఆ నిప్పు ఒక్కోసారి పాకుతుంది, కాదనను. మంచి తునికాకు చిగురు కోసం నిప్పు పెట్టించేవాళ్లూ ఉన్నారు. కేసు భయం మాత్రం గంప పట్టుకున్నామెకే. చెట్టు కింద వల కట్టి పువ్వు పట్టే పద్ధతి కొన్నిచోట్ల మొదలైంది. వలకు ఖర్చెంత? మంటలార్పే ఖర్చుతో పోలిస్తే ఏపాటిది? సామూహిక అడవిని కాపాడుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది, గ్రామస్థాయి కమిటీలో మూడోవంతు స్త్రీలుండాలని నిబంధనలున్నాయి. అయినా మంటల నివారణ ప్రణాళిక రాసేటప్పుడు వాళ్లను పిలిచిన చోటు నేనైతే చూడలేదు.

పువ్వు రాలే కాలానికి ముందే మీ ఊళ్లలో గ్రామసభ పెట్టించి వలలు, కూలీ, ఫైర్ లైన్ల పని గురించి తీర్మానం చేయించండి. ఆ నకలు, నిప్పు పెట్టారని స్త్రీల మీద పెట్టిన కేసుల కాగితాలు ఉంటే అవీ మాకు పంపండి. వచ్చే సంచికలో కొన్ని పేజీలు వాటికే కేటాయిస్తున్నాం.